న్యూటన్ – కొత్తపల్లి: ఇంటిపేరు సాక్ష్యమునకు గల హద్దులు

పేరొక్కటితోనే మనిషిని గుర్తింపగల కాలమొకటి ఇంగ్లండులోను, ఆంధ్రదేశములోను కూడ ఉండెను. ఊరు చిన్నది, జనము తక్కువ, అందరును ఒకరినొకరు ఎరిగినవారే. ఒకే పేరుగలవారు ఊరిలో పలువురైనప్పుడు గాని, ఊరివాడు పొరుగూరికి పోయినప్పుడు గాని రెండవ పేరుతో పని కలుగలేదు. ఆ రెండవ పేరే ఆంగ్లమున ‘సర్‌నేమ్’, తెలుగున ఇంటిపేరు. ఈ రెండును వేర్వేరు సమాజములలో, వేర్వేరు కాలములలో పుట్టినవి. అయినను వాని పుట్టుక తీరులో సామ్యము మిక్కిలి గాఢమైనది. ఈ వ్యాసములో న్యూటన్ అను ఆంగ్ల వంశనామమును, దానికి అర్థములో సరిజోడైన కొత్తపల్లి అను తెలుగు ఇంటిపేరును ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింప దలచితిమి. ఇంటిపేరు చరిత్రకు దేనిని సాక్ష్యముగా ఇయ్యగలదు, దేనిని ఇయ్యజాలదు అను ప్రశ్నకు ఈ జంట తగిన సమాధానము చెప్పునని మా విశ్వాసము.

ఈ ప్రశ్న గ్రంథాలయములకు మాత్రమే పరిమితమైనది కాదు. హైదరాబాదునకు వాయవ్యదిశలో, కూకట్‌పల్లి దాటిన పిమ్మట, ప్రగతి నగర్ అను నివాసప్రాంతమున్నది. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు పెరిగిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగములు ఈ పరిసరములకు నానాజిల్లాల తెలుగు కుటుంబములను రప్పించినవి. గ్రామపంచాయతిగా నుండిన ప్రగతి నగర్ 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో చేరినది. శ్రీకాకుళము వారు, కరీంనగరము వారు, కడప వారు ఒకే భవనములో ఇరుగుపొరుగులగు ఇట్టి చోట ఒకరినొకరు తెలిసికొనుటకు మొదటి ఆనవాలు ఇంటిపేరే. అది చెవిని పడగానే అవతలివారి ఊరు, కులము, బంధువర్గము ఊహించుటకు పూనుకొనుట మనలో పాతుకొన్న అలవాటు. అద్దె యింటి మాటలు మొదలు పెండ్లి సంబంధము వరకు ఆ ఊహ పనిచేయుచునే యున్నది. ఊహ తప్పినచో దాని ఫలమనుభవించువాడు నిరపరాధి. కావున ఇంటిపేరు ఎంతవరకు నమ్మదగిన సాక్షియో తేల్చుకొనుట పరిశోధకులకే గాక పౌరులకును అవసరము.

ముందుగా ఆంగ్ల నామముల చరిత్రను సంగ్రహముగా చూతము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట వంశనామముల వాడుక ఆ దేశములో స్పష్టముగా కనబడసాగెను. మొదట భూస్వాములు తమ భూముల పేర్లను తమ పేర్లకు చేర్చుకొనిరి. క్రమముగా ఆ వాడుక పట్టణవాసులకును, రైతులకును వ్యాపించెను. తొలుత ఈ రెండవ పేరు ఒక్క మనిషికే చెల్లెడిది. తండ్రికొకటి, కొడుకునకొకటి యుండవచ్చును. సుమారు 1400 నాటికి దక్షిణ, మధ్య ఇంగ్లండులలో అది తండ్రినుండి సంతానమునకు సంక్రమించు వంశనామముగా చాలవరకు స్థిరపడినది. ఉత్తరమునను, వేల్సులోను ఈ మార్పు మరింత ఆలస్యముగా జరిగినది. రాజుగారి పన్నుల చిట్టాలును, 1538 నుండి చర్చిలలో విధిగా వ్రాయబడిన జ్ఞానస్నాన, వివాహ, ఖనన పుస్తకములును ఈ పేర్లను కాగితముపై నిలిపినవి. 1605లో విలియం కామ్డెన్ వీనిని గూర్చి విపులముగా చర్చించెను. 1958లో పి. హెచ్. రీనీ బ్రిటిషు వంశనామముల నిఘంటువును ప్రకటించి ఈ శాస్త్రమునకు గట్టి పునాది వేసెను.

ఆంగ్ల వంశనామములను విద్వాంసులు సాధారణముగా నాలుగు తెగలుగా విభజింతురు. తండ్రి పేరునుండి వచ్చినవి మొదటి తెగ: జాన్ కుమారుడు జాన్సన్. వృత్తినుండి వచ్చినవి రెండవ తెగ: స్మిత్ అనగా కమ్మరి. రూపమునుబట్టియో గుణమునుబట్టియో పెట్టిన పేర్లు మూడవ తెగ: తెలుగు నిఘంటుకర్తగా మనకు పూజ్యుడైన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వంశనామము మూలమున గోధుమవన్నె జుట్టునో మేనిచాయనో తెలుపు మాట. స్థలమునుండి వచ్చినవి నాలుగవ తెగ: న్యూటన్ ఇందులోనిది. మన ఇంటిపేర్లను కూడ ఇంచుమించుగా ఈ తీరుననే విభజింపవచ్చును. అయితే తెలుగువారిలో ఊరిపేరే ఇంటిపేరగుట మిక్కిలి విరివి. యార్లగడ్డ బాలగంగాధరరావుగారు ఊరిపేర్లను, ఇంటిపేర్లను రెంటిని పరిశోధించిరి; కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊర్ల పేర్లను శోధించిరి. ఇంటిపేరు తెలియవలెనన్న ఊరిపేరు తెలియవలెనను సూత్రమునకు ఇట్టి కృషియే ఆధారము.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పేరు పైకి కనబడు అర్థము దాని నిజమైన అర్థము కాకపోవచ్చును. ధవళేశ్వరము ఆనకట్ట నిర్మాతయైన సర్ ఆర్థర్ కాటన్ పేరు వినగానే ఆంగ్లము నేర్చిన తెలుగువానికి ప్రత్తి తోచును. కాని ప్రత్తికి వాడు ఆంగ్లపదము అరబ్బీ మూలమునుండి వచ్చినది. కాటన్ అను వంశనామమో, పాత ఆంగ్లములో ‘గుడిసెల వద్ద’ అను అర్థముగల స్థలనామమునుండి వచ్చినది. రెండు మాటలకును ధ్వనిసామ్యమే గాని రక్తసంబంధము లేదు. కావున పేరును పొడిపొడిగా విరిచి అర్థము చెప్పుటకు ముందు దాని పాతరూపమును వెదుకుట విధి.

న్యూటన్ విషయములో ఆ ప్రమాదము లేదు. పాత ఆంగ్లములో ‘నీవె’ అనగా క్రొత్త. ‘టూన్’ అనగా కంచెతో చుట్టిన ఆవరణ. జర్మను భాషలో కంచెకు వాడు ‘ట్సౌన్’ అను మాట దీనికి తోబుట్టువు. ఆవరణ అను అర్థమునుండి పొలమునందలి ఇల్లు, దానినుండి పల్లె అను అర్థములు కలిగినవి. నేడు పట్టణమును తెలుపు ‘టౌన్’ అను పదము ఈ ‘టూన్’ రూపాంతరమే. కావున న్యూటన్ అనగా క్రొత్తగా వెలసిన పల్లె. పాత పల్లెలో జనము పెరిగినప్పుడు, అడవిని నరకి క్రొత్త నేల సాగులోనికి తెచ్చినప్పుడు ఇట్టి పల్లెలు పుట్టుచుండెను. ఇంగ్లండులో మిక్కిలి విరివిగా కనబడు ఊరిపేర్లలో న్యూటన్ ఒకటి. 1086లో విలియం రాజు తయారు చేయించిన డూమ్స్‌డే గ్రంథములోనే ఈ పేరుగల ఊళ్ళు అనేకములు నమోదైనవి.

ఒకే పేరు అనేక గ్రామములకు ఉన్నప్పుడు వానిని వేరుపరచుటకు విశేషణము కావలెను. అందుచేత డెవన్‌లోని ఊరు న్యూటన్ అబట్ అయినది; లాంకషైరులోనిది న్యూటన్-లె-విల్లోస్ అయినది. కాని ఆ ఊరినుండి బయలుదేరి పోయినవాని పేరులో ఈ విశేషణము నిలువలేదు. అతడు పోయిన చోట ఉత్త న్యూటన్ అయినాడు. ఏ న్యూటన్ అనునది ఒకటి రెండు తరములవరకు ఇంటివారికి జ్ఞాపకముండి, ఆపై మాసిపోయినది.

ఇచ్చట గమనింపదగిన ముఖ్యాంశమొకటి కలదు. ఊరిపేరు ఇంటిపేరగుట సాధారణముగా ఆ ఊరిలో జరుగదు. న్యూటన్ గ్రామములో అందరును న్యూటన్ వారే గనుక ఆ పేరు అచ్చట ఎవరినీ వేరుపరచజాలదు. ఆ ఊరువిడిచి మరియొక ఊరు చేరినవానిని మాత్రమే అచ్చటివారు ‘న్యూటన్ నుండి వచ్చినవాడు’ అని పిలుతురు. అనగా స్థలనామమైన ఇంటిపేరు ప్రధానముగా వలసకు సాక్ష్యము, నివాసమునకు కాదు. ఊరికి స్వామియైన కుటుంబము ఊరనే యుండి ఆ పేరు ధరించుట దీనికి అపవాదము. జగద్విఖ్యాతుడైన ఐజాక్ న్యూటన్ పుట్టిన ఊరు లింకన్‌షైరులోని వూల్స్‌థార్ప్ గాని న్యూటన్ కాదు.

ఆ మహాశయుని వంశకథయే మా వాదమునకు మంచి ఉదాహరణము. 1705లో నైట్ బిరుదము పొందిన సంవత్సరమే అతడు తన వంశవృక్షమును ఆ దేశపు వంశచిహ్నముల అధికారులకు సమర్పించి, తాను లింకన్‌షైరులోని వెస్ట్‌బీ న్యూటనుల సంతతివాడనని వ్రాసియిచ్చెను. కాని అతడే ఒకప్పుడు తన పూర్వులు స్కాట్లండునుండి వచ్చినవారని మిత్రునితో చెప్పెనను ఐతిహ్యమును పందొమ్మిదవ శతాబ్దిలో అతని జీవితచరిత్ర వ్రాసిన డేవిడ్ బ్రూస్టర్ ప్రస్తావించెను. స్కాట్లండులోను న్యూటన్ అను ఊళ్ళున్నవి, ఆ పేరుగల వంశములున్నవి. గ్రహగతులను గణించిన మేధావి వంశము విషయములో సయితము ఇంటిపేరు రెండు త్రోవలు చూపినది. త్రోవను నిర్ణయించినది పేరు కాదు. చర్చి పుస్తకములును, భూమి పత్రములును.

ఇక మన కొత్తపల్లికి వత్తము. దీని తొలిరూపము క్రొత్తపల్లి. ప్రొద్దు పొద్దైనట్లు, క్రింద కింద యైనట్లు, బ్రతుకు బతుకైనట్లు, హల్లుతో కూడిన రేఫము వాడుకలో లోపించి క్రొత్త కొత్త యైనది. పల్లి, పల్లె అనునవి చిన్న ఊరికి పేర్లు. న్యూటన్‌కును కొత్తపల్లికిని అర్థములో తేడా లేదు. కన్నడమున హొసహళ్ళి, తమిళమున పుదూరు ఈ కోవలోనివే. క్రొత్త ఊరు పుట్టుటకు మనదేశములో కారణములు పలువిధములు. చెరువు తవ్వించి దాని క్రింది నేల సాగుచేయుట, వరదకో వ్యాధికో పాత ఊరు పాడుపడుట, దండయాత్రలకు జనము చెదరుట, ఇటీవలి కాలమున జలాశయముల క్రింద ఊళ్ళు మునిగి నిర్వాసితులు వేరొకచోట కట్టుకొనుట — ఇవన్నియు క్రొత్త పల్లెలను పుట్టించినవి.

కావుననే కొత్తపల్లి ఒక ఊరు కాదు, ఊళ్ళ సమూహము. కాకినాడ సమీపమున సముద్రతీరమున నున్నది ఉప్పాడ కొత్తపల్లి. నంద్యాల జిల్లాలో కొత్తపల్లె ఒక మండలకేంద్రము. కరీంనగరము చెంత మరియొక కొత్తపల్లి యున్నది. హైదరాబాదునకు పడమట శంకరపల్లి ప్రాంతమునందలి కొత్తపల్లిలో 1999లో ఇక్రిశాట్ సంస్థ వాననీటి సంరక్షణ పథకమును చేపట్టినందున ఆ ఊరిపేరు దేశదేశముల వ్యవసాయ శాస్త్రజ్ఞులకు తెలిసినది. ఉప్పాడ కొత్తపల్లి అను పేరులో న్యూటన్ అబట్ అను పేరులోని యుక్తియే కనబడుచున్నది: పేరు చాలనిచోట మరియొక పేరు తోడు తెచ్చుకొనుట. భేదమెల్ల, అచ్చట విశేషణము వెనుక చేరినది, ఇచ్చట ముందు చేరినది. ఇంటిపేరగునప్పుడు మాత్రము రెండు దేశములలోను ఆ విశేషణము జారిపోయినది.

ఈ ఇంటిపేరు ధరించిన ప్రసిద్ధులను చూచినచో విషయము మరింత స్పష్టమగును. తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్తయు, కాకతీయ విశ్వవిద్యాలయ ఉపకులపతియు నైన ఆచార్య కొత్తపల్లి జయశంకర్ (1934–2011) ఓరుగల్లు ప్రాంతమునందలి అక్కంపేటలో జన్మించిరి. ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండిన కొత్తపల్లి పున్నయ్యగారు శ్రీకాకుళము జిల్లావారు. ‘తెలుగు సాహిత్యముపై ఇంగ్లీషు ప్రభావము’ అను గ్రంథముతో మన పరిశోధకలోకమునకు చిరపరిచితులు కొత్తపల్లి వీరభద్రరావుగారు. శాసనసభ్యులుగా నుండిన కొత్తపల్లి సుబ్బారాయుడుగారు నరసాపురము వారు. వీరి నొక్క వంశములో చేర్ప బూనుట చరిత్రకు విరుద్ధము. సీమలు వేరు, సామాజికవర్గములు వేరు, పూర్వులు విడిచివచ్చిన కొత్తపల్లులును వేరై యుండుటయే సంభావ్యము. వూల్స్‌థార్ప్‌లో న్యూటన్ పుట్టినట్లే అక్కంపేటలో కొత్తపల్లి వారు పుట్టుట కూడ గమనింపదగినది.

ఊరిపేరు ఇంటిపేరగుట మనకు నిన్న మొన్నటి ఆచారము కాదు. పాలకురికి సోమనాథుడు, బమ్మెర పోతన, పిల్లలమర్రి పినవీరభద్రుడు — వీరి పేర్లలోనే పాలకుర్తి, బమ్మెర, పిల్లలమర్రి గ్రామములు నిలిచియున్నవి. ఇవి విరివిగా వినబడు ఊరిపేర్లు కావు. బమ్మెర వారనగా వెదుకవలసిన చోటు ఓరుగంటి సీమయని ఇంచుమించుగా నిర్ణయింపవచ్చును. కొత్తపల్లి వారనినంతమాత్రమున అట్టి నిర్ణయము సాధ్యము కాదు. ఆంగ్లములోను ఇట్లే. ‘గాంధీ’ చలనచిత్రము (1982) దర్శకుడైన రిచర్డ్ ఆటెన్‌బరో వంశనామము నాటింగమ్‌షైరులోని ఒక్క ఊరివైపునకు చూపును. న్యూటన్ అను పేరు పలు దిక్కులకు చూపును. దీనినుండి ఒక సూత్రము చేయవచ్చును: ఊరిపేరు ఎంత అరుదో ఇంటిపేరు అంత గట్టి సాక్షి, ఊరిపేరు ఎంత విరివో ఇంటిపేరు అంత బలహీనమైన సాక్షి.

ఈ సూత్రమునకు ఇటీవల జీవశాస్త్రము కూడ తోడ్పడినది. తండ్రినుండి కొడుకునకు మాత్రమే సంక్రమించు వై-క్రోమోజోము, తండ్రినుండి వచ్చు వంశనామము రెండును ఒకే త్రోవన నడచును గదా. 2009లో లీసెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన తురి కింగ్, మార్క్ జాబ్లింగ్ అనువారు 40 బ్రిటిషు వంశనామములను ఈ దృష్టితో పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. అరుదైన పేరుగలవారిలో పెక్కురకు ఉమ్మడి మూలపురుషుడున్నట్లు తేలినది. స్మిత్ వంటి మిక్కిలి విరివియైన పేరుగలవారిలో అట్టి సామ్యము, దారిన పోవు ఇద్దరిమధ్య ఉండుదానికంటె ఎక్కువగా కానరాలేదు. ప్రతి ఊరికొక కమ్మరి యుండెను గనుక స్మిత్‌లు అనేకచోట్ల వేర్వేరుగా పుట్టిరి. అందుచేత ఒక ఇంటిపేరు విరివి చూచి ఆ వంశము విస్తరించినదనుట పొరపాటు. చాలసందర్భములలో విస్తరించినది వంశము కాదు. ఆ పేరు పుట్టుటకు కావలసిన పరిస్థితి.

క్రొత్తదనము పేరులో గడ్డకట్టి నిలిచిపోవుట మరియొక విశేషము. ఇటలీలోని నేపుల్సు పేరునకు గ్రీకుమూలము ‘క్రొత్త నగరము’. రెండున్నర వేల ఏండ్లుగా అది క్రొత్తదే. జర్మనుల నాయ్‌మన్, ఆంగ్లేయుల న్యూమన్ అను వంశనామములకు క్రొత్తగా వచ్చినవాడని అర్థము. గుంటూరు ప్రాంతపు రాజకీయనాయకులు, కేంద్రమంత్రిగా పనిచేసిన కొత్త రఘురామయ్యగారి ఇంటిపేరు వంటివి ఈ కోవలోనివి కావచ్చునా అనునది పరిశోధకులు విచారింపదగిన అంశము. హైటెక్ సిటీని ఆనుకొని కొత్తగూడ యున్నది. ఆకాశమునంటు కట్టడములు లేని నాడు ఒక చిన్న గూడెము క్రొత్తగా వెలసినదని ఆ పేరు నేటికిని చెప్పుచున్నది. ప్రగతి నగర్ అను పేరులోను ఆ ఆశయే వేరొక వేషముతో నున్నది. అయితే ఇచ్చటినుండి విదేశములకు పోవువారిని ‘ప్రగతి నగర్ వారు’ అని ఎవరును పిలువబోరు. దస్తావేజులలో ఇంటిపేరు స్థిరపడిన పిమ్మట వలస మనిషికి క్రొత్త ఇంటిపేరు నీయజాలదు. ఉన్న పేరును అరగదీయగలదు.

అట్లు అరుగుటయే నేటి సమస్య. తెలుగువాడు ఇంటిపేరును ముందు వ్రాయును. తరచుగా ఒక్క అక్షరముగా కుదించును. ‘కె.’ అను అక్షరము వెనుక కొత్తపల్లి యుండవచ్చును, కందుకూరి యుండవచ్చును, కొమ్మినేని యుండవచ్చును. పాస్‌పోర్టు పత్రములో వంశనామమునకు వేరుగా గడి యున్నది. దానిలో కొందరు ఇంటిపేరును నింపుదురు, కొందరు తమ సొంతపేరునే నింపుదురు. అమెరికాలో పుట్టిన బిడ్డకు తండ్రి సొంతపేరే వంశనామమైనచో, తాతలనాటి ఇంటిపేరు ఒక్క తరములో దస్తావేజులనుండి తొలగిపోవును. ఆరువందల యేండ్లుగా న్యూటన్ అను పేరు చెక్కుచెదరక నిలుచుటకు కారణము దాని గొప్పతనము కాదు, చర్చి పుస్తకములో దానిని పూర్తిగా వ్రాయుటయే.

కులమును దాచుకొనుటకో, కులప్రసక్తిని నిరసించుటకో ఇంటిపేరును విడిచిపెట్టువారు కూడ కలరు. వారి నిర్ణయమును మేము ఆక్షేపింపము. ఇంటిపేరు అడిగి మనిషి విలువ కట్టు సమాజములో అది సహజమైన ఆత్మరక్షణ. కాని దోషము ఇంటిపేరులో లేదు. దానిని కులమునకు గుర్తుగా చదువు చదువులో ఉన్నది. ఊరిపేరు ఆ ఊరు విడిచిన అందరిది. ఒక కొత్తపల్లినుండి బయలుదేరిన రైతునకు, కంసాలికి, పురోహితునకు, కూలికి పరస్థలమున దక్కిన పేరొక్కటే. ఒకే ఇంటిపేరు పలు కులములలో కనబడుట చూచి కొందరు ఆశ్చర్యపడుదురు. కనబడకున్న ఆశ్చర్యపడవలెను.

కావున పరిశోధక విద్యార్థులకు మా సూచన ఇది. ఇంటిపేరును తీర్పుగా గాక ప్రశ్నగా గ్రహింపవలెను. కొత్తపల్లి వారు తటస్థించినప్పుడు అడుగవలసినది ‘మీరెవరు’ అని కాదు, ‘మీది ఏ కొత్తపల్లి’ అని. ఇంటి పెద్దల నోటనున్న వలసకథ, గోత్రము, ఇలవేల్పు, పాత భూమిపత్రములు, మెకంజీ దొర సేకరింపజేసిన కైఫీయత్తులవంటి గ్రామచరిత్రలు — వీని నన్నిటిని ఒకచోట చేర్చినప్పుడే సమాధానము దొరకును. నానాజిల్లాల వారు ఒకచోట చేరిన ప్రగతి నగర్ వంటి ప్రాంతములు ఈ సేకరణకు అనువైనవి. ఊరువిడిచిన తరము ఇంకను జీవించియున్నది. ఏ ఊరో చెప్పగలవారు ఇంకను ఉన్నారు. వారి మాటను పూర్తి ఇంటిపేరుతో, ఊరిపేరుతో, ఆ ఊరి విశేషణముతో సహా నేడు వ్రాసికొననిచో, మరియొక రెండు తరములకు మన కొత్తపల్లులన్నియు ఉత్త ‘కె.’ అను అక్షరముగా మిగులును. అప్పుడు ఇంటిపేరు వలసకు సయితము సాక్ష్యము చెప్పజాలదు.